తెరవని తలుపు ముందు వరస

ఆ పొద్దున టోకెన్ల గుమస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆసుపత్రిలో ఒంటిపూట సెలవు. పదకొండింటికి కూతురి యూనివర్సిటీకి వెళ్లి ఒక కాగితం ఇచ్చెయ్యడం. ఆ తర్వాత తిన్నగా వచ్చి తన కుర్చీలో కూర్చోవడం. రోగులకి టోకెన్లిచ్చి వరసలో నిలబెట్టే ఆ కుర్చీలో ఆయన ఇరవై రెండేళ్లుగా ఉన్నాడు. పదో తరగతి గడప దాటకపోయినా, పెద్ద చదువులు చదివినవాళ్లని సైతం "వెనక్కి జరగండి" అనగలిగిన హోదా అది. అలా అన్న ప్రతిసారీ ఆయనకి ఆ పూట అన్నం బాగా అరిగేది.

కూతురు డిగ్రీలో కామర్సు చదువుతోంది. దాని పక్కన మైనర్ సబ్జెక్టుగా సైకాలజీ తీసుకుంది. అంతవరకూ ఆయన ఓర్చుకున్నాడు. పోయినవారం గుమ్మం దగ్గర చెప్పులు వరసగా లేవని ఆయన కేకలేస్తుంటే, ఆ పిల్ల పుస్తకంలోంచి తల కూడా ఎత్తకుండా, "నాన్నా, నీది కోపం కాదు, భయం. వరస తప్పితే నీకు కాలూ చెయ్యీ ఆడవు" అంది.

"నన్నే రోగిని చేసే చదువా ఇది? రేపే మానెయ్!"

"నాకు అదొక్కటే ఇష్టంగా ఉంది నాన్నా."

"ఇష్టంగా ఉందనే మానమంటున్నా."

మైనర్ రద్దు చేసుకోవడానికి ఒక ఫారం ఉంది. ఆఖరి రోజు ఇవాళే, అదీ ఒంటిగంట లోపు. రాత్రి కూతురు కళ్లు తుడుచుకుంటూ దాని మీద సంతకం పెట్టింది. "పెట్టమన్నావు, పెట్టాను. తీసుకెళ్లి ఇవ్వడం మాత్రం నావల్ల కాదు" అని గదిలోకి వెళ్లిపోయింది. గుమస్తా తన సంతకం కూడా చేసి, ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

యూనివర్సిటీ ఆఫీసు వసారాలో ఎడమవైపు ఒక కిటికీ ఉంది. దాని వెనక ఒక క్లర్కు గోళ్లు చూసుకుంటూ కూర్చున్నాడు. ముందు నరపురుగు లేదు. కుడివైపు మూసిన తలుపు ఒకటి ఉంది. దాని ముందు తొమ్మిదిమంది నిలబడి ఉన్నారు. గుమస్తా ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. జనం లేని చోట పని జరుగుతుందంటే నమ్మే మనిషి కాదాయన. వెళ్లి పదోవాడుగా నిలబడ్డాడు.

"మైనర్ రద్దుకి ఇదేనా, బాబూ?"

"అందరూ ఉంటే నేనూ నిలబడ్డానండీ. ముందువాళ్లని అడగండి" అన్నాడు తొమ్మిదోవాడు.

ప్రతివాడూ తన ముందువాణ్ణి చూపించాడు. అందరికంటే ముందున్న అమ్మాయి మాత్రం ఎంతో మర్యాదగా, "తలుపు ఇంకా తీయలేదండీ" అంది.

అది నిజమే. ఆ తలుపు తీసి ఆరేళ్లయింది. లోపల ఉన్నవి విరిగిన బెంచీలు. ముందున్న నలుగురూ సైకాలజీ మైనర్ విద్యార్థులు. కారణం లేని వరసలో ఎంతమంది చేరతారో చూడమని వాళ్ల మేడమ్ ఇచ్చిన పని అది. అబద్ధం చెప్పకూడదు. ఒంటిగంట కొట్టేదాకా అసలు సంగతీ చెప్పకూడదు. పైన మెట్ల మలుపులో కూర్చుని చేరినవాళ్లని రాసుకునే పని ఐదో విద్యార్థినిది. ఆ పిల్ల "పది" అని రాసి, మనిషిని చూసి, పెన్సిలు కింద పడేసుకుంది.

దిగి వెళ్లి ఒక్క మాట చెబితే చాలు. నాన్న నాలుగడుగులు వేసి ఆ కిటికీలో ఫారం ఇచ్చేస్తాడు. సబ్జెక్టు పోతుంది. చెప్పకపోతే మోకాళ్ల నొప్పితో నాన్న రెండుగంటలు నిలబడాలి. ఆ పిల్ల రెండుసార్లు లేచి రెండుసార్లూ కూర్చుంది. చివరికి రూలు గుర్తు చేసుకుని పెన్సిలు తీసుకుంది.

ఈలోగా కింద వరస వంకర తిరిగింది. గుమస్తా చూస్తూ ఊరుకోలేకపోయాడు.

"ఏమయ్యా కళ్లద్దాలు, గోడవైపుకి రా! ఏమ్మా, మధ్యలో దూరుతున్నావేం? నీ నంబరెంత?"

"నంబర్లిస్తున్నారా అంకుల్?"

ఆ ప్రశ్నతో ఆయనకి తను ఆసుపత్రిలో ఉన్నట్టే అనిపించింది. జేబులో ఉన్న ఒకే ఒక్క కాగితం తీసి, వెనక్కి తిప్పి, పేర్లు రాయడం మొదలుపెట్టాడు. తన పేరు పక్కన నిజాయితీగా పదే వేసుకున్నాడు. నంబర్లు పడేసరికి వరసకి గౌరవం వచ్చింది. హాస్టలు గదులిస్తున్నారని ఒకడూ, పరీక్ష వాయిదా కోసమని ఇంకొకడూ చెప్పుకున్నారు. అటుగా వచ్చిన ఒక ప్రొఫెసరు "ఏమిటిదంతా?" అన్నాడు.

"ముందు చివర్న నిలబడండి సార్, తర్వాత అడుగుదురుగాని."

డాక్టరేటు ఉన్న ఆ మనిషి ముప్ఫై తొమ్మిదో నంబరుగా నిలబడ్డాడు. పావు తక్కువ ఒంటిగంటకి ఎడమవైపు క్లర్కుకి మనసాగలేదు. ఏదో ఇస్తున్నారు, తనకి చెప్పలేదు! కిటికీ మూసేసి వచ్చి నలభై ఆరో నంబరు వేయించుకున్నాడు.

ఒంటిగంట కొట్టింది. మేడమ్ మెట్లు దిగి, చప్పట్లు కొట్టి అసలు సంగతి చెప్పింది. కొందరు నవ్వారు. కొందరు తిట్టారు. ప్రొఫెసరు నవ్వుతున్నట్టు నటించాడు. గుమస్తా మాత్రం గబగబా క్లర్కు చెయ్యి పట్టుకున్నాడు.

"బాబూ, మైనర్ రద్దు ఫారం ఎక్కడివ్వాలి?"

"నా కిటికీలోనే. ఒంటిగంటతో అయిపోయిందిగా."

"నేను పదకొండింటికే వచ్చానయ్యా!"

"నా దగ్గరికి రాలేదుగా. మీరు నా ముందు ముప్ఫై ఐదుమంది అవతల ఉన్నారు."

ఫారం కోసం చేతిలోకి చూసుకున్నాడు. లేదు. పేర్ల జాబితా దొరికిన సంబరంలో మేడమ్ అప్పటికే దాన్ని లాక్కుని విద్యార్థుల నివేదికకి గుచ్చేసింది. ఆవిడ కాగితం తిప్పి చూడలేదు.

కూతురు రాసుకున్న కాగితాలతో వచ్చి పక్కన నిలబడింది.

"ఎప్పట్నుంచి చూస్తున్నావే?"

"పదకొండింటి నుంచి."

"నోరు లేదా? చెప్పొద్దూ?"

"ఒంటిగంట దాకా చెప్పకూడదు నాన్నా. రూలు."

ఇరవై రెండేళ్లుగా ఆ కుర్చీలోంచి తనే ఎందరి నోళ్లో మూయించిన మాట అది. ఆయన కాసేపు మోకాలు రుద్దుకున్నాడు.

"నా గురించి ఏం రాశావ్?"

"ఖాళీ కిటికీని చూసి భయపడ్డాడు, వరస కనపడగానే ధైర్యం వచ్చింది అని."

"నన్నడక్కుండానే?" అన్నాడు. చొక్కా సర్దుకుని, "నలభై ఆరుమందిని ఒక్క తోపులాట లేకుండా నిలబెట్టానని కూడా రాయి" అన్నాడు.

ఆ నివేదికకి క్లాసులోకెల్లా ఎక్కువ మార్కులు వచ్చాయి. ఫారం ఇప్పటికీ సైకాలజీ డిపార్టుమెంటు బీరువాలో భద్రంగా ఉంది, రెండు సంతకాలతో సహా.

మర్నాడు గుమస్తా ఆసుపత్రిలో, తన ఉద్యోగంలో మొట్టమొదటిసారి, టోకెనిచ్చే ముందు మొదటి మనిషిని అడిగాడు: "మీరు ఇక్కడెందుకు నిలబడ్డారండీ?"

"పన్ను నొప్పి" అన్నాడతను.

అది కళ్ల డాక్టరు వరస.