ఇంగ్లండు చర్చికి ఇసకమిట్ట తాటాకులు

1961 ఆశ్వయుజ మాసంలో, ఇంగ్లండు దేశంలోని ఒక చిన్న ఊరి చర్చి కప్పు బాధ్యతను వాకాడు దగ్గరి మా ఇసకమిట్ట పంచాయతీ ఏకగ్రీవంగా స్వీకరించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము.

వెనక మా ఉప్పు కొఠార్ల మీద పెత్తనం చేసిన దొర ఒకాయనది ఆ ఊరు. ఆ సంబంధం పట్టుకుని అక్కడి పాదిరి ఉత్తరం రాశాడు. చర్చికి ఎనిమిది వందల ఏళ్లట, కప్పు కారుతోందట, దయచేసి తోచిన సాయం చేయాలట. కాగితం మీద చర్చి బొమ్మ కూడా ఉంది. ఊళ్లో ఇంగ్లీషు వచ్చింది బడిపంతులమ్మ రెబెక్కమ్మ ఒక్కతికే. చదివి అర్థం చెప్పడమే ఆమె చేసిన తప్పు.

ప్రెసిడెంటు పద్మనాభయ్య గారి కళ్లు చెమర్చాయి. దొరలు మమ్మల్ని ఇంతకుముందు చాలా అడిగారు గానీ, దయచేసి అనడం ఇదే మొదలు.

ఇళ్లు కప్పే చిన్నపోలయ్య బొమ్మను తిప్పి తిప్పి చూసి, "ఎనిమిది నూర్ల ఏండ్లుగా ఒక్కసారి కూడా ఆకు మార్చలేదా? కారక ఏం చేస్తాది!" అని కోప్పడ్డాడు. రెండేళ్లకోసారి కప్పు మార్చనివాణ్ణి మా వైపు సంసారి అనరు. బొటనవేలితో బొమ్మ కొలిచి, కప్పుకు ఆరువందల తాటాకులు, గోపురానికి మరో ఎనభై అని తేల్చాడు.

వానలకు ముందు ఇంటికి పది ఆకులు బడికప్పుకు ఇవ్వడం మా ఆచారం. ఊళ్లో ఇళ్లు అరవై ఎనిమిది. దైవసంకల్పం కాకపోతే ఇంత సరిగ్గా సరిపోతాయా?

"అవి బడి ఆకులయ్యా," అంది రెబెక్కమ్మ. "కార్తీకం లోపల కప్పు పడకపోతే బడిని కాలవ అవతలికి మార్చేస్తామని ఇన్‌స్పెక్టరు చెప్పిపోయినాడు. నలభైమంది పిల్లకాయలు కాలవ ఎట్ట దాటతారు?"

"బడి మనింటి సంగతమ్మా, ఎప్పుడైనా చూసుకోవచ్చు," అని ప్రెసిడెంటు గారు సభ వైపు తిరిగారు. "రెండొందల ఏండ్లు మనం వాళ్ల నీడన బతికినాం. ఇకమీదట వాళ్లు మన నీడన బతకబోతారు!"

చప్పట్లు కొట్టడానికి బడిపిల్లల్నే తెచ్చారు.

చోటే సాహెబ్ పడవకు మామిడాకులు కట్టి, బకింగ్‌హాం కాలవ మీదుగా తాటాకులు మద్రాసు రేవుకు సాగనంపాం. పడవ మలుపు తిరగకముందే చినుకు మొదలైంది. శుభసూచకమన్నారు పద్మనాభయ్య గారు.

కార్తీకంలో ఇన్‌స్పెక్టరు వచ్చి, చీలమండల లోతు నీళ్లలో పాఠం చెబుతున్న రెబెక్కమ్మను ఎంతో మెచ్చుకుని, బడిని కాలవ అవతలికి మార్చేశాడు.

వేసవిలో పాదిరి జవాబు వచ్చింది. చదవడానికి మళ్లీ రెబెక్కమ్మే దిక్కు. మట్టలు చేతబట్టి చర్చికి పోయే మట్టలాదివారం పండగ నాడు మా ఆకులు ఇంటికి పది చొప్పున పంచిపెట్టారట. కప్పుకు సీసపు రేకులు వేయించుకున్నారట, ఇక రెండు వందల ఏళ్లు చూసుకోనక్కర్లేదట. చదవడం అయ్యాక ఆమె ఉత్తరం మడిచి ప్రెసిడెంటు గారి చేతిలో పెట్టి, అవతలి ఒడ్డు బడికి పడవ వేళయిందని లేచింది.

ఆ పడవలో ఇప్పుడు ఆమె వెంట వెళ్లేది పద్దెనిమిది మంది. తక్కినవాళ్లు మేకలు కాస్తున్నారు. మా ఊరొచ్చే పెద్దమనుషులెవరూ వాళ్ల సంగతి ఎత్తరు, చర్చి కప్పు ఏమైందనే అడుగుతారు. ఇంత చదివిన మీరూ అదే అడగబోతున్నారని తెలుసు.

బాగుందండీ. చుక్క కారడం లేదు.