మమ్ముల అడుగకున్రి, పులిని అడుగున్రి!

ఎవలేమన్నా అనుకోన్రి, నేను మాత్రం కుండ బద్దలు కొట్టినట్టు చెప్తున్న. రోడ్లేసేటప్పుడు, రైలు పట్టాలు పరిచేటప్పుడు, డ్యాములు కట్టేటప్పుడు సర్కారు జనాన్ని అడుగొద్దు! అస్సలుకే అడుగొద్దు! మనల్ని ఎవలూ ఏమీ అడగకపోవుడంత గొప్ప వరం ఈ భూమ్మీద ఇంకోటి లేదు!

ఈ నడుమ టీవీల ఒకటే లొల్లి. దేశమంతటికి రోడ్లు, రైళ్లు, కరెంటు లైన్ల ప్లానింగ్ పాలసీ ఒకటి రాయాలెనట, రాసే ముందు సర్కారు ఎవలెవలను అడగాలె అని చర్చ. నిపుణులను అడగాలె అని ఒకాయన. రాష్ట్రాలను అడగాలె అని ఇంకొకాయన. టై కట్టుకున్న ఒక పిలగాడైతే 'ప్రజలను అడగాలె' అన్నడు! ఆయనను చూస్తే నాకు జాలైంది. పాపం, ఎన్నడూ మా ఊరికి వచ్చినట్టు లేడు.

మాది ఖానాపూర్ దిక్కు అడివి అంచుకున్న ఊరు. కొలువు కోసం నేను కరీంనగర్‌ల ఉంటున్న గని, నా ఓటు, నా పట్టా పాస్‌బుక్కు, మా మేనత్త కిష్టవ్వ అక్కడ్నే ఉన్నరు. కాబట్టి జనాన్ని అడిగితే ఏమైతదో నాకు మంచిగ ఎరుక.

ఒకపారి మా ఊరికి బస్ షెల్టర్ మంజూరైంది. సర్పంచ్ చదువుకున్నోడు, మంచోడు. గా మంచితనమే కొంప ముంచింది. 'ఏడ కట్టాల్నో మీరే చెప్పున్రి' అని ఊరోళ్లను అడిగిండు. ఇగ చూడున్రి! మా వాడ కాడ అని ఒకలు, మా గల్లీ మొగన అని ఒకలు. షెల్టర్ నీడ ఎవల వాకిట్ల పడాలె అని ఒక పంచాయితి. దాంట్ల కూసునేటోళ్లు ఎవల దర్వాజ దిక్కు చూస్తరు అని ఇంకో పంచాయితి. ఆఖరికి అందరికీ సమానంగ దూరముండాలె అని బస్సు ఆగని కాడ కట్టిన్రు. ఇప్పుడు దాంట్ల మేకలు పంటున్నయి. ఎంత హాయిగ పంటయో! వాటిని ఎవలూ అడుగలే గద, అందుకే వాటికి ఏ పరేషానీ లేదు.

అడుగుడంటె ఎట్లుండాల్నో మా ఇంట్ల నేర్చుకోవాలె. పొద్దుగాల మా ఇంటామె రమ నన్ను అడుగుతది, 'ఏం కూర వండమంటవ్?' అని. అప్పటికే పొయ్యి మీద బీరకాయ ఉడుకుతుంటది. వాసన ముక్కులకు కొడుతుంటది. నేను కండ్లు మూసుకొని, గడ్డం గోక్కొని, చానాసేపు ఆలోచన చేసి 'బీరకాయ' అంట. 'సరె, నీ ఇష్టం' అంటది. ఇద్దరికీ ఖుషీ! దీన్నే పెద్ద పెద్ద ఆఫీసులల్ల పబ్లిక్ కన్సల్టేషన్ అంటరు.

ఒక్కనాడు ఏం మతి తప్పిందో, 'వంకాయ' అన్న. ఆనాడు కూడా బీరకాయే తిన్న. మీదికెల్లి మాటలు పడ్డ. మల్ల ఎన్నడూ గట్ల అనలే.

అయినా మా సర్కారు మమ్ముల అడుగలే అంటె కండ్లు పోతయి. అడిగింది! మా ఊరి పక్కపొంటి నాలుగు లైన్ల రోడ్డు పోతదని తేలినంక, శాస్త్రప్రకారం అడిగింది. మండలాఫీసు గోడకు నోటీసు అంటించిన్రు. ఒక దిక్కు మూలశంక డాక్టరు కాయిదం, ఇంకో దిక్కు స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగ్ కాయిదం, నడుమ మా నోటీసు. రోడ్డు మీద అభ్యంతరాలు ఉన్నోళ్లు ఫలానా రోజు ఆఫీసు ముంగట టెంటు కిందికి వచ్చి చెప్పుకోవచ్చు అని రాసిన్రు. ఇంగ్లీషుల రాసిన్రు. కోచింగ్ కాయిదం పక్కకే పెట్టిన్రు గద, ఇంకేం కావాలె?

ఇక్కడ మా దిక్కు పద్ధతి ఒకటి చెప్పాలె, జర ఓపిక పట్టున్రి. మా కాడ లగ్గం పెట్టుకుంటె మేనమామను ఇంటికి పోయి, బొట్టు పెట్టి పిలువాలె. పిలుపుల తేడా వస్తె మామ అలుగుతడు. అలిగినోడు తిట్టడు, లొల్లి పెట్టడు. ఇంట్లనే మంచమేసుకొని గోడదిక్కు మొకం చేసి పంటడు. గంతే! అక్కడ పందిట్ల బాజాలు బంద్ అయితయి. పెండ్లోళ్లు ఉరికొస్తరు, గడ్డం పట్టుకొని బతిమిలాడుతరు, లేపి కూసుండవెట్టి తోలుకపోతరు. రాకపోవుడే మా దిక్కు అన్నిటికంటె పెద్ద అభ్యంతరం. దాన్ని మించింది మాకు ఎరుక లేదు.

నోటీసు ముచ్చట ఊర్లకు వచ్చేవరకు మా ముత్యం మామ కండ్లెర్ర చేసిండు. ఊర్ల పెద్దమనిషి, గుడి కమిటీకి పెద్ద, అలుగుట్ల అందరికంటె సీనియర్. 'గోడకు కాయిదం అంటిస్తె పోయేటోళ్లమా మనం? భూములు మనయి, తొవ్వలు మనయి. ఇంటికి రానీ, పిలువనీ, అప్పుడు చూద్దాం' అన్నడు. చర్చి పెద్ద మొగిలి లేచి, 'మా సంఘంల కూడా ఒక్కలు పోరు. మేము కూడా అలిగినం' అన్నడు. గుడి, చర్చి ఒక్క మాట మీదికి వచ్చినయి! ఊరు ఊరంత గింత ఏకంగ ఎన్నడూ లేకుండె.

మీటింగు రోజు ఊర్ల ఎవలూ గడప దాటలే. అలిగినా గని ఇంతెజామ్ మంచిగ చేసుకున్నరు. సార్లు బతిమిలాడ వస్తరు గద! వాకిండ్లు ఊడ్సిన్రు, కుర్చీలు తుడిసిన్రు, చాయ్‌కి పాలు పక్కకు పెట్టిన్రు. ఎంతసేపు బతిమిలాడిచ్చుకోవాల్నో కూడా ముత్యం మామ చెప్పిండు. మొదటిపారి పిలిస్తె పలుకొద్దట. రెండోపారి మూలుగాలెనట. మూడోపారి పిలిచినంక దస్తీతోని మొకం తుడుచుకుంట లేవాలెనట.

ఎవలూ రాలే. పాలు విరిగినయి.

అక్కడ టెంటు కింద సార్లు ఖాళీ కుర్చీలను చూసిన్రు, గడియారం చూసిన్రు, కాయిదం మీద రాసిన్రు: 'స్థానిక ప్రజలను సంప్రదించడమైనది. ఎట్టి అభ్యంతరములు వ్యక్తము కాలేదు.' మేము కడుపు మండి చెప్పిన అభ్యంతరం సార్లకు సంబురపడి ఒప్పుకున్నట్టు వినవడ్డది!

నేనైతె దీన్ని తప్పు పట్ట. ఎందుకంటె సర్కారు నిజంగ అడగాలనుకుంటె ఎంత గొప్పగ అడుగుతదో నేను నా కండ్లతోని చూసిన. పులిని అడిగింది!

అవును, మా అడివిల పెద్దపులి తిరుగుతది అన్నరు. ఆ రోడ్డు దానికి అడ్డం వస్తదేమో అని సార్లు పరేషాన్ అయిన్రు. దానికోసం గోడల మీద నోటీసులు అంటియ్యలే. టెంటు కిందికి రమ్మనలే. వాళ్లే దాని ఇంటికి పోయిన్రు! చెట్లకు కెమెరాలు కట్టిన్రు. ఎండకాలమంత చూసిన్రు, వానకాలమంత చూసిన్రు. ఏ తొవ్వల పోతది, ఏ వాగుల నీళ్లు తాగుతది, ఎప్పుడు పంటది అంత రాసుకున్నరు. దాని పంజా గుర్తుల మీద ప్లాస్టర్ పోసి అచ్చులు తీసిన్రు. ఆఖరికి దాని పెంటను కూడా డబ్బాల పెట్టి ల్యాబుకు పంపిన్రు. గంత మర్యాద మా ముత్యం మామకు ఆయన బిడ్డ అత్తగారింట్ల కూడా జరుగలే!

ఒక్కటి గమనించిన్రా? ఆ మీటింగుకు పులి కూడా రాలే. పులి రాకపోతె 'దానికి ఇబ్బంది ఉండొచ్చు' అని రాసుకున్నరు. మేము రాకపోతె 'వీళ్లకు ఏ ఇబ్బంది లేదు' అని రాసుకున్నరు.

పులి మీద నాకు కచ్చ లేదు. అది బతకాలె, సల్లగ ఉండాలె. దానికి రోడ్డు కింద అండర్‌పాస్ కట్టిచ్చిన్రు. ఎంత ముద్దుగున్నదో! ఎత్తుగ, వెడల్పుగ, కింద మెత్తటి మట్టి, అంచులకు గడ్డి. పైన పోయే లారీల చప్పుడు పులి చెవులల్ల పడకుండ రోడ్డుకు రేకులు కూడా కొట్టిన్రు. మా బస్ షెల్టర్‌ను దాని పక్కన నిలవెడ్తె నవ్వుతరు.

ఇగ మా అత్త ముచ్చటకు వస్త.

కిష్టవ్వ మొగడు పోయి చానా ఏండ్లాయె. పిల్లలు లేరు. ఉన్నయి అంటె రెండు బర్రెలు, జర్రంత పొలం, ఒక బాయి. ఇల్లు రోడ్డుకు ఇవుతల, పొలం అవుతల. మునుపు గంప నెత్తికెత్తుకొని, బర్రెలను తోలుకొని, నాలుగు మాటలు మాట్లాడేవరకు పొలంల ఉండేది. ఇప్పుడు మట్టి పోసి రోడ్డును ఇంటి కప్పుకంటె ఎత్తుకు లేపిన్రు. రెండు దిక్కుల ఇనుప జాలి. దాటాలంటె ఖానాపూర్ దిక్కు ఎక్కడో జంక్షన్ దాక పోయి, తిరిగి అంతదూరం రావాలె. బర్రెలతోని ఆ రోడ్డెక్కుమంటరా? ఒకపారి ఎక్కింది. లారీ హారన్‌కు బెదిరి చిన్న బర్రె డివైడర్ మీద పడ్డది. అది బతికింది గని, దాని మోకాళ్లు చూసి మా అత్త మూడు రోజులు బువ్వ తినలే.

సంక్షేమం అంటె ఎరుకున్న ప్రభుత్వం కాబట్టి నేను భరోసా ఇచ్చిన. 'అత్తా, ఫికర్ చెయ్యకు, దరఖాస్తు పెడదాం' అన్న. పెట్టినం. అభ్యంతరాల గడువు అయిపోయింది, మీటింగుల మీ ఊరోళ్లు ఏం చెప్పలే గద అని జవాబు వచ్చింది. ఎంత న్యాయమైన జవాబు! దరఖాస్తును పక్కకు పెడితె పొలం బీడు పడతది, గడ్డి లేక బర్రెలు ఎండుతయి, పాలు పోస్తేనే ఆమె పొయ్యి వెలుగుతది. కాని రూల్ రూలే!

మా అత్త రూల్ చదువుకోలే. ఒకనాడు పొద్దుగాల బర్రెలను విప్పుకొని సీదా పులి అండర్‌పాస్‌లకు పోయింది. అది ఇంటికి జంక్షన్ కంటె చానా దగ్గర. సల్లటి నీడ, మెత్తటి మట్టి. బర్రెలకు మస్తు నచ్చింది. ఆనాటి సంది పొద్దుమాపు అదే తొవ్వ.

అండర్‌పాస్‌ల కూడా కెమెరా ఉన్నది. పులి వస్తదా అని చూసేటందుకు పెట్టిన్రు. అడివి డ్యూటీల ఉండే ఒక తెలిసినాయన నాకు చెవిల చెప్పిండు, ఆ కెమెరా లెక్కల మీద మొదలు ఒక రిపోర్టు పైకి పోయిందట. 'పెద్ద శాకాహార జంతువులు ప్రతిదినము వినియోగించుచున్నవి. వాటి వెంట రెండు కాళ్లపై నడుచు ఒక జీవి, తలపై గంప వంటి భాగము కలదు. వినియోగము సంతృప్తికరము' అని ఉన్నదట. నాకు ఎంత సంబురమైందో! ఇన్నొద్దులకు మా అత్తను సర్కారు చూసింది! మనుషుల లెక్కల కాకపోతె ఏమాయె, ఏదో ఒక లెక్కల ఎక్కింది గద!

ఫోటోలు మంచిగ చూసినంక ఎవలో పోల్చుకున్నరు. పోయిన ఐతారం జీపు వచ్చి మా అత్త ఇంటి ముంగట ఆగింది. నేను అక్కడ్నే ఉన్న. ఆఫీసర్ మంచోడే, చెప్పులు ఇడిసి వాకిట్లకు వచ్చిండు. మా అత్త మంచమేసింది, నీళ్లిచ్చింది.

"అవ్వా, నువ్వు ఆ తొవ్వల పోవద్దు. అది పులి కోసం కట్టింది" అన్నడు.

"వచ్చిందా సారూ, పులి?" అని మా అత్త నిజంగనే అడిగింది.

"ఇంకా రాలే. మనుషుల వాసన ఉంటె అది రాదు. నువ్వు బంద్ చేస్తె వస్తది."

"దానికి అవుతల పొలమున్నదా?"

ఆయన నీళ్ల చెంబు కింద పెట్టిండు.

"దానికి తొవ్వ ఇచ్చిన్రు, అది వస్తలేదు. నాకు ఇయ్యలే, నేను దినాం వస్తున్న. మరి ఎవల్ని అడిగి కట్టిన్రు సారూ?"

నాకు ఏడుపచ్చినంత పనైంది, కోపం కూడా వచ్చింది. ఆఫీసర్ దస్తీతోని మెడ తుడుచుకొని లేచిండు.

"నీ బాధ నాకు సమజైంది అవ్వా. పైన అడిగి చెప్త. అప్పటిదాక అండర్‌పాస్‌కు గేటు పెట్టి తాళమేస్తం, ఏమనుకోకు" అన్నడు.

చూసిన్రా! తొవ్వ ఇయ్యాలంటె పైన అడగాలె. తాళం వెయ్యాలంటె ఎవల్నీ అడిగే పని లేదు!

జీపు పోయినంక మా అత్త మంచం ఎత్తి గోడకు పెట్టింది. మల్ల నా దిక్కు తిరిగి అడిగింది.

"పైన ఎవలుంటరు అల్లుడా? నా పొలం ఏడున్నదో, నేను ఎట్ల పోతనో వాళ్లకు ఎరికేనా?"

"ఎరుక లేదత్తా" అన్న. "అందుకే వాళ్లను అడుగుతరు."