మూడో ఫోనులో తోట

లైబ్రేరియన్‌గా రిటైరైన ఆ పెద్దాయన ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే: కాఫీ చల్లారేలోగా భార్య తోటకు నీళ్లు పోయడం. ఆ తోట నేలమీద లేదు, ఫోనులోని ఆటలో ఉంది. ఆవిడ ముచ్చటపడి కొనుక్కుని, నాలుగేళ్లు పెంచి, కన్నుమూసింది. నీళ్లు అందకపోతే మొక్కలు వాడిపోతాయి. ఆవిడ ఫోను అద్దం పగిలిందని, కొడుకు తెచ్చిన కొత్త టాబ్లెట్‌లో తోట తెరవబోయాడు.

'ఈ ఆట రెండు పరికరాలకే. ఒకటి తొలగించండి' అని తెరమీద అక్షరాలు. కింద జాబితాలో ఆవిడ ఫోనుతోపాటు ముక్కూ మొహం తెలియని మరో ఫోను!

"దొంగ వెధవ!" అని దాన్ని పీకేశాడు.

వంటింట్లోంచి కేక. "మామయ్యా, తోట పోయింది!"

దొంగ కోడలే.

"మీకు జ్వరం వచ్చినప్పుడు మొదలుపెట్టాను. మీరు మరిచిపోయిన రోజుల్లో నేనే పోస్తున్నా."

"నేనెప్పుడు మరిచిపోయానమ్మా?"

"మీకెలా తెలుస్తుంది? మొక్కలు పచ్చగానే ఉన్నాయిగా!"

ఆమె కంగారుగా తన ఫోనుతో మళ్లీ తోట లోపలికెళితే టాబ్లెట్ జాబితాలోంచి బయటికి పోయింది. ఆయన టాబ్లెట్‌ను లోపలికి తెస్తే ఆమె ఫోను బయటికి పోయింది. నాలుగోసారికి ఖాతాకే తాళం పడింది.

ఆట కంపెనీకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి పలికింది. "ఖాతా ఎవరిదో వాళ్లని మాట్లాడించండి సార్."

"ఆవిడ లేరమ్మా."

"ఎప్పుడొస్తారు?"

"రారు."

అవతల గొంతు మెత్తబడింది. "లైసెన్సు ఇంకొకరికి మార్చడం కుదరదు సార్. మీవాళ్లు కొన్నది తోట కాదు, అందులో తిరిగే అనుమతి."

ముప్పయ్యేళ్లు తాను జనానికి చెప్పిందీ అదే: పుస్తకం మీది కాదు, పదిహేను రోజులే. ఇప్పుడు తెలిసింది, ఆ మాట వినేవాడికి ఎలా ఉంటుందో.

"కానీ ఆవిడ రాసుకున్న రహస్య ప్రశ్న ఒకటుంది సార్. జవాబు చెబితే తాళం తీస్తాను. మూడు అవకాశాలు. 'మా ఇంట్లో ఎన్నటికీ పూర్తికాని పని?'"

"ఇల్లు ఊడవడం."

"కాదు."

"పిల్లల పెంపకం?"

"కాదు సార్. ఇంకొక్కటే ఉంది."

కోడలు వంటింటివైపు చూసింది. అక్కడ ఒంటి మేకుమీద వేలాడుతూ ఒక చెక్క అర. 'ఆదివారం బిగిస్తా' అని ఆయన పదకొండేళ్లు చెప్పిన అర.

"వంటింట్లో... అర బిగించడం" అన్నాడు.

తోట తెరుచుకుంది. ఆయన తన టాబ్లెట్‌ను తొలగించి, ఆ చోటు కోడలి ఫోనుకిచ్చి, పగిలిన అద్దంలోంచే నీళ్లు పోశాడు.

"ఇప్పటికైనా ఆ అర బిగిస్తారా మామయ్యా?"

సుత్తి అందుకున్నవాడల్లా ఆగిపోయాడు.

"వద్దమ్మాయ్. జవాబు తప్పయిపోతుంది."