బొంగరానికి కన్నీటి నివాళి

ఆ శుక్రవారం తనకి కడుపునొప్పి వస్తుందని వేదవ్యాస్‌కి బుధవారమే తెలుసు.

ఎందుకంటే "పాలపుంత పడవ" కొత్త ఎపిసోడ్ వచ్చేది శుక్రవారం మధ్యాహ్నం. తెనాలిలో ఇన్సూరెన్స్ ఆఫీసులో కూర్చుని ఊరందరికీ పాలసీలు అంటగట్టే వేదవ్యాస్‌కి ఈ లోకంలో ఉద్యోగం, ఆ లోకంలో ప్రాణం. ఆ లోకమంటే అంతరిక్షం. అందులో తిరిగే ఓడ, ఓడకి కెప్టెన్ ధీర, ఓడంతా గిరగిరా తిరుగుతూ తుడిచే రోబో బొంగరం. ఎవరైనా దాన్ని బొమ్మల సీరియల్ అన్నారో, అయిపోయారే! "బొమ్మలేంటండీ? యానిమేషన్ అనండి!" అని వాళ్ల పాలసీ ఫైలు అడుగున పెట్టేసేవాడు.

అయితే చిక్కొకటుంది. పోయినసారి ఒక ఎపిసోడ్ భార్యకి తెలీకుండా చూసేసి, దొరికిపోయి, వారం రోజులు ఉప్పులేని పప్పు తిని, చివరికి సాహితి నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. "ఇక మీదట కలిసే చూద్దాం. నువ్వు లేకుండా చూస్తే ఒట్టు!"

ఇప్పుడేమో సాహితి ఆవకాయ పెట్టడానికి రేపల్లెలో వాళ్లమ్మ సామ్రాజ్యం గారింటికి వెళ్లింది. ఆదివారం సాయంత్రం వస్తుంది. అప్పటిదాకా ఆగాలట! అంతరిక్షంలో యుద్ధం జరుగుతుంటే ఇక్కడ మామిడికాయ ముక్కలు కొట్టేదాకా ఆగాలట!

ఆగలేదు. కడుపు పట్టుకుని ఇంటికొచ్చాడు. కిటికీలు మూశాడు. చూశాడు.

చూసి లేచి నిలబడ్డాడు. ఎంత అన్యాయం! ఎంత ఘోరం! ఇంధనం అయిపోతోంది, బరువు తగ్గించాలి అంటూ ఆ కెప్టెన్ ధీర బొంగరాన్ని ఒక మంచు చందమామ మీద దింపేసి వెళ్లిపోయింది. బొంగరం కళ్లలో దీపాలు మెల్లగా ఆరిపోయాయి. తెరమీద పేర్లు పడటం మొదలైంది. వేదవ్యాస్ రిమోట్‌ని సోఫాకేసి కొట్టి టీవీ కట్టేశాడు.

"ఆ ఓడలో ఈతకొలను ఉంది కదే! అందులో నీళ్లు పారబోస్తే బరువు తగ్గదా?" అని గోడనడిగాడు. గోడ ఏం చెప్తుంది.

అప్పటికే తెనాలి, బాపట్ల, రేపల్లె ఉమ్మడి అభిమాన సంఘం వాట్సాప్ గ్రూపు తగలబడిపోతోంది. బాపట్లలో సెల్‌ఫోన్ల షాపు నడిపే ఫ్రాన్సిస్ ఏడుపు బొమ్మలు పెట్టీ పెట్టీ ఫోను వేడెక్కించేశాడు. పేర్లు పూర్తిగా పడేదాకా ఆగినవాడు ఒక్కడుంటే ఒట్టు. అందరికీ ముందు తిట్టెయ్యాలి.

"ఇది ఊరికే వదలకూడదు," అని టైపు చేశాడు వేదవ్యాస్, తెనాలి శాఖ అధ్యక్షుడి హోదాలో. "ఆదివారం పొద్దున్న సూర్యలంక బీచిలో సంతాపసభ. అందరూ రావాలి. రేపల్లె నుంచి ఎప్పుడూ ఇద్దరే వస్తున్నారు. ఈసారి బస్టాండులో ఫ్లెక్సీ కట్టండి."

"కట్టిస్తాను అంకుల్," అంది రేపల్లె శాఖ సాయి ప్రియ. డిగ్రీ చదువుతోంది.

అంకుల్! ముప్పై నాలుగేళ్లకి అంకుల్! ఆ కోపం మింగి, బొంగరం బొమ్మతో పాటు తన ఫొటో కూడా పంపాడు. పెళ్లి రిసెప్షన్‌లో సూటు వేసుకుని నవ్వుతున్నది. "అధ్యక్షుల ఫొటో కాస్త పెద్దది వెయ్యమనమ్మా" అని ఒక మాట కూడా రాశాడు. ఆ ఒక్క మాటే కొంప ముంచింది. కాస్త ఆగండి, వస్తున్నా.

శనివారం సాహితి ఫోన్ చేసింది.

"ఏవండీ, ఎపిసోడ్ చూడలేదుగా?"

"ఛ! ఒట్టేశానుగా!"

"పాపం, మన బొంగరం ఎలా ఉన్నాడో ఏంటో."

"ఎలా ఉంటాడు! ఆ మంచులో..."

"మంచులోనా?"

వేదవ్యాస్ నాలుక కరుచుకున్నాడు. "మంచిగా... మంచిగా ఉంటాడు అంటున్నా."

"మంచిగానా? మీరెప్పుడెళ్లొచ్చారు హైదరాబాదు?"

"నెట్‌వర్కు సరిగ్గా లేదు సాహితీ. అన్నట్టు, రేపు ఆఫీసులో ఆడిట్ ఉంది."

"ఆదివారం ఆడిటేంటండీ?"

"ఆడిటర్‌కి మిగతా రోజులు కుదరదట."

"అయ్యో పాపం. కడుపునొప్పితో ఆడిటా?"

కడుపునొప్పి సంగతి ఈవిడకెలా తెలిసిందా అని వేదవ్యాస్‌కి అనుమానం రావాల్సింది. రాలేదు. మనిషి కోపంలో ఉన్నాడు మరి. తిట్టడానికి ఇంట్లో మనిషి లేకపోతే ఆ కోపం ఎంత బరువుగా ఉంటుందో, ఆ కెప్టెన్‌కేం తెలుసు.

ఆదివారం సూర్యలంకలో ఇసుక మీద కుర్చీ వేసి, కుర్చీలో అట్టతో చేసిన బొంగరాన్ని కూర్చోబెట్టి, దండేశారు. ఫ్రాన్సిస్ వాళ్లావిడ పులిహోర పొట్లాలు కట్టి పంపింది. గుంటూరు నుంచి సముద్రం చూడ్డానికి వచ్చినవాళ్లు, ఎవరి సభో అడక్కుండానే పొట్లాల దగ్గర లైనులో నిలబడ్డారు.

వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన చేతులు జోడించి దగ్గరికొచ్చాడు. "ఎవరు బాబూ పోయింది? సముద్రంలో దిగాడా?"

"కాదు బాబాయ్, ఆకాశంలో వదిలేశారు," అన్నాడు ఫ్రాన్సిస్ కళ్లు తుడుచుకుంటూ.

పెద్దాయన ఒకసారి పైకి చూసి, ఒకసారి వీళ్లకేసి చూసి, నెమ్మదిగా వల దగ్గరికి వెళ్లిపోయాడు.

వేదవ్యాస్ లేచాడు. "మిత్రులారా! ఆ ఓడలో ఈతకొలను ఉందా లేదా?"

"ఉంది!"

"డాక్టరు ప్రతి గ్రహం నుంచీ ఏరుకొచ్చిన బండరాళ్లు ఒక గదినిండా ఉన్నాయా లేదా?"

"ఉన్నాయి!"

"అవన్నీ ఉంచుకుని, ఇన్ని సీజన్లుగా ఓడ తుడిచినవాణ్ణి దింపేస్తారా? తుడిచేవాడంటే లోకువా?"

చప్పట్లు. ఒక్క సాయి ప్రియ మాత్రం చెయ్యెత్తింది. "నాకెందుకో కెప్టెన్ ఏదో ప్లాన్‌లో ఉందనిపిస్తోంది అంకుల్. దింపేటప్పుడు ఏడ్చింది కూడా."

"ఏడిస్తే? కన్నీళ్లు పోయి ఇంకొంచెం బరువు తగ్గింది, అంతేగా!" అన్నాడు వేదవ్యాస్. ఆ దెబ్బకి సభ లేచి నిలబడింది. తన మాటకి తనకే ఒళ్లు పులకరించింది. ఇంట్లో ఈ మాట ఎవరు విన్నారు గనుక!

"ఇప్పుడు మౌనం పాటిద్దాం. ఫోన్లన్నీ కట్టెయ్యండి!"

కట్టేశారు. తర్వాత అందరూ ఆన్ చేసుకున్నారు. అధ్యక్షుడు ఒక్కడే ఆ ఆవేశంలో మర్చిపోయాడు.

ఇక రేపల్లె ఫ్లెక్సీ సంగతి. సాయి ప్రియ ఫొటోలు, మాటలు అన్నీ షాపువాడి ఫోనుకి పంపి, బస్టాండులో వాడినే కట్టెయ్యమని చెప్పి, తెల్లారే బస్సెక్కేసింది. ఫ్లెక్సీ మొహం తను చూడలేదు. షాపువాడేమో రోజూ ఇలాంటివి పది వేసే మనిషి. కన్నీటి నివాళి అన్నారు. ఒక మనిషి ఫొటో, ఒక రేకు డబ్బా బొమ్మ పంపారు. మనిషిది పెద్దది వెయ్యమన్నారు. ఇందులో పోయిందెవరో వాడికి ఇంకొకరు చెప్పాలా?

మధ్యలో గులాబీల వలయంలో, సూటులో నవ్వుతూ వేదవ్యాస్. పైన రెండు పావురాలు. కింద అతను స్వయంగా రాసిన వాక్యం: "నువ్వు లేని ఓడ మాకు శూన్యం." బొంగరాన్ని మాత్రం, ఏదో వాషింగ్ మెషిన్ల కంపెనీవాళ్లు ఇచ్చిన ప్రకటన కాబోలనుకుని, మూలన చిన్నగా వేశాడు.

ఆ పూట అమృతలూరు నుంచి పనిమీద రేపల్లె వచ్చిన వేదవ్యాస్ పెదనాన్న బసవేశ్వరరావు బస్టాండులో దిగి తలెత్తాడు. చేతిలో సోడా జారిపోయింది. వేదవ్యాస్‌కి ఫోన్ చేస్తే స్విచాఫ్. ఇంక రుజువేం కావాలి?

సాయంత్రం వేదవ్యాస్ తెనాలిలో దిగాడు. ఆడిట్‌లో అలసిపోయినవాడిలా కనిపించాలని చొక్కా నలుపుకుని, జుట్టు చెదరగొట్టుకుని తన వీధి మలుపు తిరిగాడు. ఇంటిముందు టెంటు! ప్లాస్టిక్ కుర్చీలు! గుమ్మం కనపడకుండా చెప్పులు! అంగలకుదురు చుట్టాలు ఆటోల్లో దిగుతున్నారు.

"నా పాలసీ ఇంక ఎవడు చూస్తాడురా వ్యాసూ!" అని లోపల్నుంచి పెదనాన్న గొంతు.

"ఓడ అని రాశారు కదండీ, ఓడలో ఎక్కడికెళ్లాడంటారు?" అని ఒకాయన.

"రైలెక్కితేనే వాంతులు చేసుకునేవాడు, ఓడెందుకెక్కాడో," అని ఇంకొకాయన.

వేదవ్యాస్ చెప్పులు విసిరేశాడు. ఎవరో పోయారు! ఎవరు? గబగబా లోపలికి దూసుకెళ్లి, "పెదనాన్నా, ఎవరు పోయారు?" అని అరిచాడు.

పెదనాన్న అతన్ని చూసి కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. ఒకావిడ కెవ్వుమంది. టెంటువాడు మాత్రం, "మనిషొచ్చేశాడు, మరి ఉంచాలా విప్పాలా?" అని అడిగాడు.

అప్పుడు వంటింట్లోంచి సాహితి వచ్చింది. ఏడ్చిన జాడ లేదు. చేతిలో కొత్తావకాయ గిన్నె.

"నేను ఇందాకట్నుంచి చెప్తూనే ఉన్నాను, ఈయనకేం కాలేదని. దుఃఖంతో మతిపోయింది పాపం అనుకున్నారు," అంది చుట్టాలతో. తర్వాత మొగుడి వైపు తిరిగి, "వచ్చారా? అయిందాండీ ఆడిట్?"

"అ... అయింది."

"ప్యాంటు మడతల్లో ఇసుకేంటండీ?"

వేదవ్యాస్ కిందికి చూశాడు. సూర్యలంక బీచిలో సగం అక్కడే ఉంది.

సాహితి ఫోను తీసి ఫ్లెక్సీ ఫొటో చూపించింది. వేదవ్యాస్ తన మొహం, పావురాలు చూసుకున్నాడు. వెంటనే అతనికి భయం వెయ్యలేదు, మండింది. "వాడి ఫొటో ఇంత చిన్నదా! సంతాపం వాడికైతే నా ఫొటో మధ్యలో వేస్తారా!"

"ఎవడికిరా సంతాపం?" అని గర్జించాడు పెదనాన్న, నడుం పట్టుకుని లేస్తూ. "పని మానుకుని, టెంటు చెప్పి, ఇంతమందిని పోగేశాను. పోయిందెవరో తేలాలి!"

"తేల్చేద్దాం పెదమామయ్యగారూ. అందరూ భోంచేసి కూర్చోండి," అంది సాహితి. కొత్తావకాయన్నం తిన్న తర్వాత సంతాపానికొచ్చినవాళ్లకి కూడా కాస్త ఉత్సాహం వచ్చింది. సాహితి టీవీ పెట్టింది. మొగుణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టింది. "మేమిద్దరం ఇంకా చూడలేదు కదా. కలిసి చూస్తామని ఒట్టు కూడాను. ఏవండీ?"

"అవును... చూడలేదు," అన్నాడు వేదవ్యాస్.

ఎపిసోడ్ మొదలైంది. బొంగరం పాట పాడుకుంటూ ఓడ తుడుస్తున్నాడు. వేదవ్యాస్ పళ్లు బిగపట్టాడు. ఇంధనం దీపం ఎర్రగా వెలిగింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. కెప్టెన్ ధీర లేచి, "బరువు తగ్గించాలి" అంది. అంతే. అంతకన్నా ఒక్క ముక్క అనలేదు ఆవిడ.

"ఈతకొలను నీళ్లు పారబొయ్యవే ముందు!" అని కుర్చీ మీంచి లేచి అరిచాడు వేదవ్యాస్. "వాణ్ణి దింపడానికి చేతులెలా వచ్చాయే నీకు!"

చుట్టాలంతా అతనికేసి తిరిగారు. తెరమీద బొంగరం ఇంకా హాయిగా తుడుస్తూనే ఉన్నాడు.

సాహితి టీవీ ఆపింది. "ఎవర్ని దింపడానికండీ?"

వేదవ్యాస్ నెమ్మదిగా కూర్చున్నాడు.

"శుక్రవారం ఆఫీసుకి ఫోన్ చేశాను, మీరు సెల్ ఎత్తకపోతే. కడుపునొప్పన్నారు. ఎపిసోడ్ వచ్చిన రోజు మీకు కడుపు కాక ఏం నొప్పెడుతుంది? ఇవాళ బస్టాండులో మీ ఫ్లెక్సీ ముందు నిలబడితే అందరూ నన్ను పట్టుకోడానికొచ్చారు, పడిపోతానని. నేను ముందు చూసింది మూలన ఉన్న బొంగరాన్ని. అప్పుడే తెలిసింది మీ ఆడిట్ ఏంటో."

"మూలన ఉన్నవాడు బొంగరమని నీకు... ఆగు, వాడు పోయాడని నీకెలా తెలుసు?" వేదవ్యాస్‌కి ప్రాణం లేచొచ్చింది. "నువ్వూ చూశావా! నేను లేకుండా! ఎంత ద్రోహం! ఒట్టు సంగతేంటి?"

"ఒట్టు మీరేశారు. నా తలమీద. నేనెప్పుడేశాను?"

వేదవ్యాస్ చుట్టాల వైపు తిరిగాడు. ఒక్కరు కూడా అతని పక్షం లేరు. అందరి చేతికీ ఆవిడ ఆవకాయే అంటుకుని ఉంది.

"అదికాక, వాడు పోయాడని నేను అన్లేదే," అంది సాహితి. మళ్లీ టీవీ పెట్టింది. మంచు చందమామ, ఆరిపోయిన దీపాలు, చుట్టాల ముక్కు చీదుళ్లు అన్నీ అయ్యాయి. పేర్లు పడటం మొదలైంది. వేదవ్యాస్ లేవబోయాడు.

"కూర్చోండి. శుక్రవారం నేనూ, అమ్మా చూస్తున్నప్పుడు మా చేతులు మోచేతులదాకా ఆవపిండిలో ఉన్నాయి. రిమోట్ ముట్టుకోడానికి లేదు. అందుకని పేర్లన్నీ చూడాల్సి వచ్చింది."

పేర్లు పడ్డాయి. బొమ్మలు గీసినవాళ్లు, గొంతులిచ్చినవాళ్లు, వాళ్లకి టీలిచ్చినవాళ్లు కూడా పడ్డారు. తెర నల్లబడింది. అప్పుడు చీకట్లో టక్కున ఒక దీపం వెలిగింది. బొంగరం! గిర్రున తిరిగి చుట్టూ ఉన్న మంచంతా తుడిచేశాడు. మంచు కింద ఇంకో ఓడ! బొంగరం ఎక్కి కెప్టెన్ సీట్లో కూర్చున్నాడు. రేడియోలో ధీర గొంతు: "నువ్వు తప్ప ఎవరూ తియ్యలేరురా దాన్ని. వచ్చెయ్."

చుట్టాలు చప్పట్లు కొట్టారు. పెదనాన్న ఒక్కడే కొట్టలేదు.

"వీడూ పోలేదు, వాడూ పోలేదు. మరి నేను వేయించిన టెంటు ఎవరికిరా?"

వేదవ్యాస్ ఫోను ఆన్ చేశాడు. గ్రూపులో సాయి ప్రియ మెసేజి పైనే ఉంది: "అంకుల్, పేర్లయ్యాక చూశారా?"

మర్నాడు పొద్దున్నే రేపల్లె వెళ్లి, నిచ్చెనెక్కి, తన కన్నీటి నివాళి తనే విప్పుకొచ్చాడు. కింద నిలబడ్డవాళ్లు, "అచ్చం పోయినాయన లాగే ఉన్నాడు, తమ్ముడేమో" అనుకున్నారు. ఇంటికి తెస్తే సాహితి సంతోషంగా అందుకుంది. మంచి దళసరి ఫ్లెక్సీ. డాబా మీద పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, గుమ్మడి వడియాలు పెట్టడం మొదలుపెట్టింది. నుదుటి మీద ఒక వరస. రెండు బుగ్గల మీదా ఒత్తుగా. సూటు మీద ఎక్కడా ఖాళీ లేదు. పావురాల్ని కూడా వదల్లేదు.

మూలన ఒక్క చోటు మాత్రం వదిలేసింది.

"అక్కడ పెట్టవేం?" అన్నాడు వేదవ్యాస్ ఉక్రోషంగా.

"బొంగరం మీదా? ఛ! పాపం, ఇన్ని సీజన్లుగా ఓడ తుడిచాడండీ," అని సాహితి పిండి చేతులు దులుపుకుని, మూలనున్న చీపురు తీసి మొగుడి చేతికిచ్చింది. "మీ ప్యాంటు ఇక్కడే దులిపాను. డాబా అంతా ఇసుక."