చేదుగా ఉన్న నాలుగో గుడ్డు

ఒక పెద్ద అడవిలో, పులికి బెదరనివాళ్ళు కూడా విమర్శకుణ్ణి చూస్తే బెదిరేవాళ్ళు. ఆ అడవిలోనే పానకాలు అనే నక్క ఉండేవాడు. కౌజుపిట్ట నాంచారమ్మ గూట్లో నాలుగు గుడ్లూ మాయం చేసింది వీడే. ఈ సంగతి మీకూ నాకూ తెలుసు, అడవికి తెలీదు.

అనుమానం మాత్రం వీడి చుట్టూనే తిరుగుతోంది. రుజువైతే అడవి నుంచి వెళ్ళగొడతారు. పానకాలు బాగా ఆలోచించి, ఏటా జరిగే కథల పోటీకి ఆ గుడ్ల మీదే కథ రాశాడు. అదీ తల్లి కౌజు తన గోడు తానే చెప్పుకుంటున్నట్టు. దొంగ ఎవరన్నది చివరిదాకా చెప్పలేదు. ఇంత ఏడిపించినవాణ్ణి ఎవరు అనుమానిస్తారు? బహుమతి శాలువా కూడా వస్తే చలికాలం గడిచిపోతుందనుకున్నాడు.

సభలో కథ చదువుతుంటే కుందేళ్ళు ముక్కులు చీదాయి. నాంచారమ్మ తలెత్తలేదు. కాపలా ఎలుగు భద్రయ్య కూడా కళ్ళు తుడుచుకుని, "అనవసరంగా అనుమానపడ్డామయ్యా నిన్ను" అన్నాడు. పానకాలు ప్రాణం కుదుటపడింది.

ఆ అడవిలో ఒక ఆనవాయితీ ఉంది. విమర్శకుడు ఒక్క తప్పయినా పట్టాలి, రచయిత "చిత్తం" అనాలి, అప్పుడే శాలువా కప్పుతారు.

విమర్శకుడు గుడ్లగూబ సోమలింగం గారు, పగటి సభ కాబట్టి, ఒక్క కన్నే తెరిచారు. "దొంగ పేరు దాచిన తీరు బాగుంది నాయనా. కానీ 'నాలుగో గుడ్డు మురిగిపోయి చేదుగా ఉంది' అని రాశావు. కథ చెప్పేది తల్లి. ఆ సమయానికి ఆవిడ మేతకెళ్ళింది. చేదు సంగతి ఆవిడకెలా తెలుస్తుంది? దృష్టికోణం దెబ్బతింది. ఊహించి రాసేవాళ్ళంతా ఇక్కడే దొరికిపోతారు."

చిత్తమంటే సరిపోయేది. కానీ ఊహించి రాశాడన్న మాటకి పానకాలుకి ఒళ్ళు మండిపోయింది.

"ఊహేమిటండీ? నోట్లో పెట్టుకోగానే ఉమ్మేశాను. మూడు రోజులు ఆ చేదు నాలుక మీంచి పోలేదు. ప్రతి అక్షరం స్వానుభవం."



"మురిగిందా నాలుగోది?" అంది నాంచారమ్మ మెల్లగా. "దాన్నీ పొదిగాను."

భద్రయ్య మెడ పట్టుకుని పొలిమేర వైపు ఈడ్చుకెళ్తుంటే పానకాలు వెనక్కి తిరిగి అడిగాడు, "అయ్యా, ఇప్పుడు దోషం పోయినట్టేనా?"

"పోలేదు," అన్నారు సోమలింగం గారు, రెండో కన్ను కూడా తెరిచి. "ఈ ముక్క కథలో లేదుగా."

నీతి: గుడ్లు తింటే తిన్నావు గానీ, విమర్శకుడి ముందు మాత్రం చిత్తమను.