రేకు చుట్టిన గ్లాసులో నీలిరంగు సంహారము

వినుడు, తీరిక గల మహాజనులారా! వినినందువలన మీకు పుణ్యము రాదు, పోయెడిదియు లేదు. భానుమండలము నడినెత్తికెక్కి, సకల జీవరాశియు అన్నము తిని కునుకు తీయు వేళ, అద్దకపు మిల్లు వెనుక నీలవర్ణ కల్లోలములతో, దుర్గంధ బంధురమై, కప్పలకు సైతము రోత పుట్టించుచు పారెడి మురుగుకాలువ గట్టున, పెచ్చులూడిన గోడలతో విరాజిల్లు పరిశోధనశాలయందు, ఒక గాజుగ్లాసెడు రంగునీటిపై సమరము ప్రకటించిన మహావీరుడొకడు గలడు. తోటివారు వానిని నిదానం అందురు.

ఏమా సమరము? రంగునీటిలో చిటికెడు తెల్లని పొడి వేయవలెను. దీపకాంతి సోకినంతనే ఆ పొడి మేల్కొని రంగును తుత్తునియలు చేయును. అయితే పొడి ముందుగా రంగును పట్టుకొనుటకై, గ్లాసుకు మూతితో సహా వెండిరేకు చుట్టి, చీకటిలో కొంతసేపు గిరగిర త్రిప్పవలెను. ఆ పిమ్మటనే దీపము. ఇంతే పని.

ఆ ఉదయము వీరుడు గడప దాటుచుండగా అత్తగారు చీపురుతో ఎదురయ్యెను.

“బట్టలు ఉతికేవాళ్ళని చూశాను గానీ అల్లుడుగారూ, నీళ్ళు ఉతికేవాళ్ళని మిమ్మల్నే చూస్తున్నాను. ఇవాళైనా తెల్లబడతాయా?”

శాలలో అంతకంటె పెద్ద పిడుగు పడెను. కుర్చీ దిగకయే కీర్తిశిఖరములెక్కిన గురువర్యుడు కళ్ళజోడు తుడుచుకొనుచు ఇట్లనెను.

“చూడవయ్యా, సాయంత్రం మిల్లు మేనేజరు వస్తున్నాడు. అప్పటికి ఆ నీళ్ళు తేటపడకపోతే దీపం పక్కబల్ల అమ్మాయికి ఇచ్చేస్తాను. నువ్వింక వేరే పని చూసుకో.”

శాల మొత్తమునకు దీపమొకటే. దీపము పోయిన పరిశోధన పోవును, పరిశోధన పోయిన పట్టా పోవును, పట్టా పోయిన అత్తగారి ముఖమెట్లు చూచుట? వీరునకు నిజముగనే భయము వేసెను.

అంతట నతడు దీపము వెలిగించి, చొక్కా చేతులు మడిచి, గ్లాసు ముందు బైఠాయించి, మూతి మీది చిన్న రంధ్రమునుండి సన్నని గొట్టముతో చుక్క తీసి చూచెను. నీలము. మధ్యాహ్నము వాలినది, మరల తీసెను. నీలమే. ఆరంభశూరత్వము ఆవిరికాగా వీరుడు లేచి, చేయి చాచి, గర్జించెను.

“ఓరి నీలాధమా! బట్టను పట్టుకొమ్మన్న పట్టవు, నీటిని వదలుమన్న వదలవు! మిల్లు కడిగి కక్కిన కల్మషమా, కాలువల పాలిటి కాలకూటమా, నేడు నీవో నేనో తేలిపోవలయును!”

పక్కబల్ల అమ్మాయి తల ఎత్తినది. “అన్నయ్యా, ఎవరితో మాట్లాడుతున్నారు?”

“రంగుతో.”

“ఏమంటోంది?”

“పోనంటోంది.”

“అయితే దీపం నాకిచ్చేయండి. మీరు మాట్లాడుకుంటూ ఉండండి.”

రోషారుణనేత్రుడై వీరుడు శత్రువును సమీపించి కనులురిమి చూచెను. లోపలినుండి ఎవడో బూరెబుగ్గల వాడు, దుంపవంటి ముక్కుతో, నోరు తెరుచుకొని తిరిగి చూచెను. ఎవడీ శుంఠ? తానే. రేకులో తన ముఖము! చీకటికై చుట్టిన రేకు విప్పకయే దీపము వెలిగించి, ఆ వెలుగునంతయు బూడిదలో పోసిన పన్నీరు చేసి, పాపము, రంగును తిట్టెను!

వీరుడు చల్లగా అటునిటు చూచి, రేకు ఊడదీసి జేబులో కుక్కుకొనెను. అప్పుడే మేనేజరు వచ్చెను. ఇక వీరుని కొంప మునిగినదే, కాని గురువర్యుని గొప్పలు వానిని కాపాడెను. ఆ మహనీయుడు అతిథిని తన గదిలో కూర్చుండబెట్టి, తన సన్మానములను, శాలువలను, గోడమీది ఫోటోలను ఒక్కొక్కటిగా వర్ణించుచు, మేనేజరు ఆవలింతలను ఆనందబాష్పములుగా భావించుచుండగా, ఇచ్చట దీపము తన పని తాను చేసికొనిపోయెను. నీలము పలుచనయ్యెను, పలుచనైనది మాయమయ్యెను. వీరుడు పొడిని వడకట్టి, తేటనీటిని బల్లమీద నిలిపెను.

మేనేజరు వంగి చూచెను. “బాగానే ఉన్నాయే. తాగొచ్చా?”

“తాగకూడదు,” అనెను గురువు.

“మరి మా కాలువకి ఇలా ఎప్పుడు చేస్తారు?”

“ముందు గ్లాసు అయిందిగా,” అని గురువు ఆ నీటిని తొట్టిలో గుమ్మరించి, వీరుని భుజము తట్టెను. “దీపం నీ దగ్గరే ఉంచుకో.”

తొట్టి గొట్టము పోయి కలిసెడిది ఆ కాలువలోనే. కాలువ రంగు మారలేదు.

వీరుడు గజగమనమున ఇల్లు చేరెను.

“తెల్లబడ్డాయా?” అనెను అత్తగారు.

“తెల్లబడ్డాయి.”

“ఏవీ?”

“కాలువలో పోశారు.”

అత్తగారు వానిని ఎగాదిగా చూచెను. “కాళ్ళు కడుక్కు రండి, అన్నం పెడతాను. చేతులు కూడా కడుక్కోండి, నీలంగా ఉన్నాయి.”

సబ్బుతో రుద్దినను ఆ నీలము పోలేదు. అయినను లోకులారా, జయము పలుకుడు! ఆ దినమున, ఆ శాలయందు, ఒక గ్లాసెడు నీరు బల్లమీదినుండి తొట్టిలోనికి పోవునంతసేపు తేటగా నుండెను!