టైటస్ ఇంటి కంప్యూటర్ ఆధునికీకరణ సభ

చేయవలసిన పనులు: షామియానా వేయించడం, మైకు సెట్టు తెప్పించడం, సంఘపెద్ద పరంజ్యోతి గారికి శాలువా కొనడం, నూట ఇరవై మందికి బిర్యానీ పొట్లాలు కట్టించడం, పాత కంప్యూటర్‌లోకి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం.

చిట్టమూరులో టైటస్ రాసుకున్న ఈ చీటీలో చివరి పని ఆయన కూతురు లిల్లీ కోసం. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెదే. ఉద్యోగ దరఖాస్తుకు సభ రోజు సాయంత్రం ఐదు వరకే గడువు. పాత సిస్టమ్‌లో ఆ దరఖాస్తు సైటు తెరుచుకోదు. నెట్ సెంటరుకు పోతానని ఆమె వారం నుంచీ అడుగుతోంది. ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని బజారులో దరఖాస్తు చేస్తే సంఘంలో తలెత్తుకోలేమని టైటస్ న్యాయంగానే కాదన్నాడు.

ముహూర్తాలు నమ్మని ఇల్లు అది. అందుచేత పక్కింటి వెంకయ్య పంచాంగం చూసి చెప్పిన మధ్యాహ్నం రెండు గంటల సమయాన్ని కేవలం సౌకర్యం కోసమే పాటించారు.

బటన్ నొక్కవలసిన పరంజ్యోతి గారు మూడుంబావుకు విచ్చేసి, నొక్కారు. చప్పట్లు మోగాయి. పది శాతానికొక వక్త చొప్పున ప్రసంగాలు సాగాయి. కంప్యూటర్ కాస్త తొందరపడుతోందని, పెద్దలకు అవకాశం ఇవ్వడం లేదని ముగ్గురు అభ్యంతరం తెలిపారు.

నాలుగూ ఇరవై ఐదుకు తొంభై శాతమైంది. పరంజ్యోతి గారు ప్రార్థనకు లేచారు. లిల్లీ తండ్రి దగ్గరికి వచ్చింది.

"నాయనా, ఇంకో పది నిమిషాల్లో అయిపోతాది. ప్రార్థన ఆ తర్వాత పెట్టుకుందాం."

"పెద్దాయన లేచినాక కూర్చోమంటామా? ఉండు మే."

పరంజ్యోతి గారు తెర వైపు చూశారు. "ప్రార్థనలో అది వెలుగుతా ఉంటే మనసు నిలవదు. కట్టేయండయ్యా."

టైటస్ భక్తితో, స్వహస్తాలతో, ప్లగ్గు పీకాడు.

ప్రార్థన నలభై నిమిషాలు సాగింది. లిల్లీకి ఆ ఉద్యోగమే రావాలని అందులో పదకొండుసార్లు అడిగారు. ఐదూ ఐదుకు ఆమెన్ అన్నారు. మళ్లీ స్విచ్ వేస్తే తెర నల్లగానే ఉంది. సభ దిగ్విజయమైందని వందన సమర్పణలో ప్రకటించారు. లిల్లీ పొట్లాలు పంచింది.

పాఠకులారా, ఆ షామియానా కింద మీరూ ఉన్నారు. గోడ గడియారం మీకూ కనిపిస్తూనే ఉంది. పొట్లంలో ముక్క చిన్నదైన సంగతి మీకు ఇంకా గుర్తుంది. వీలైతే, దాన్ని మీ చేతికిచ్చిన అమ్మాయిని కూడా జ్ఞాపకం చేసుకోండి.